లింగం పోసిన వైన్

“కారు లోపలికి రాదు సార్, గీడనే ఆపుండ్రి,” అన్నాడు లింగం గేటు దగ్గర నిలబడి.

రాజారావు దిగాడు. లింగం ద్రాక్షతోట గట్టుకు ఆనుకునే ఉంది తాను మేనేజరుగా ఉన్న మందుల ఫ్యాక్టరీ ప్రహరీ. బదిలీ మీద ఇక్కడికి వచ్చి ఏడాది కాలేదు. వచ్చినప్పటినుంచీ ఒకటే గొడవ. ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు బోర్లలోకి దిగుతున్నాయని కంది ఊరి చుట్టుపక్కల రైతుల ఫిర్యాదు. రేపు పొద్దున విచారణకు అధికారులు వస్తున్నారు. అందరికంటే ముందు ఫిర్యాదు చేసింది లింగమే. ఎలాగైనా ఫిర్యాదు వెనక్కి తీసుకునేలా అతణ్ణి ఒప్పించమని పైనుంచి ఒకటే ఫోన్లు. అంతలో లింగమే కబురు పెట్టాడు, ఒకసారి వచ్చి పొమ్మని.

పందిళ్ళ మీద ద్రాక్షతీగలు బోసిగా ఉన్నాయి. అక్టోబరు కదా, కత్తిరింపులు అయ్యుంటాయి అనుకున్నాడు రాజారావు.

తోట చివర రేకుల షెడ్డు. అదే లింగం వైనరీ. ట్యాంకుల మీద టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. ఓ మూల బల్ల, రెండు కుర్చీలు.

లింగం భార్య మొగులమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. “తాగుండ్రి సార్.”

“వద్దమ్మా, కార్లో ఉన్నాయి,” అన్నాడు చప్పున. అన్నాక తనకే సిగ్గేసింది.

ఆమె చెంబు పక్కన పెట్టింది.

“లింగం, రేపటి సంగతి...”

“మాటలు ఎన్కసిరి సార్. ముందుగాల మా వైన్ జెర రుచి సూడుండ్రి. గందుకే పిలిచిన,” అని భార్య వైపు తిరిగాడు. “సీసా తే.”

“గదేనా?”

“గదే.”

ఆమె ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్ళింది. కొంగుతో సీసా తుడుచుకుంటూ వచ్చింది. లింగం తొందరపడకుండా బిరడా తీసి గ్లాసులో పోశాడు. నేరేడుపండు నలిపినట్టు చిక్కటి ఎరుపు.

రాజారావు మర్యాదకని ఒక గుక్క తాగాడు. తర్వాత గ్లాసు వెలుగులోకి ఎత్తి చూశాడు. మళ్ళీ తాగాడు. కంపెనీ విందుల్లో ఖరీదైన వైన్లు చాలానే తాగాడు గానీ, ఇలాంటిది తాగలేదు. కాస్త వగరు, దాని వెనకే పండిన తీపి. గొంతు దిగాక కూడా నోట్లోనే ఉండిపోయింది.

“నువ్వు చేసిందేనా?”

“మా తోట పండ్లే సార్. మేమిద్దరమే పిండి సీసాలల్ల పట్టినం.”

“మరి తోటకు నీళ్ళు?”

“గీ బోరు నీళ్ళే.”

రాజారావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎన్నో రోజుల తర్వాత అతని భుజాలు తేలికయ్యాయి. నీళ్ళు బాగానే ఉన్నాయని కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడే గానీ, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఈ పొలాల వైపు చూడటానికి మనసొప్పేది కాదు. ఇంట్లో భార్య అడిగితే మాట మార్చేవాడు. ఈ నీళ్ళతో ఇలాంటి పండు పండుతుంటే ఇంక భయమెందుకు?

“లింగం, నిజం చెప్పనా? ఇవాళ నా గుండె కుదుటపడింది,” అన్నాడు. గొంతులో నటన లేదు. “ఇంత మంచి పంట తీస్తూ మామీద ఫిర్యాదు ఎందుకయ్యా?”

లింగం సీసాలో మిగిలింది రాజారావు గ్లాసులోకే వంపాడు. మొగులమ్మ తలుపు దగ్గర నిలబడి ఆ ఖాళీ సీసాకేసే చూస్తోంది.

“మంచిగున్నదా సార్?”

“మంచిగా ఏంటి, అమృతంలా ఉంది! రేపు అధికారుల ముందు నేనే చెబుతా. వాళ్ళకీ రుచి చూపిద్దాం. ఇంకో సీసా ఇవ్వు.”

లింగం గ్లాసు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

“మీ కంపెనీ రాకముందు పట్టినదాంట్ల గిదే ఆఖరిది సార్.”