వెలుగు కుదరలేదు

“ఒక్కటీ వెయ్యలేదా? ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి?” డెరెక్ చేతిలోని సాండ్‌విచ్ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

“లేదు,” అన్నాడు విల్ఫ్, తన ఫోటోను బోర్డుకు గుచ్చుతూ.

ఇంగ్లండులోని స్కిప్టన్ ఊరి చర్చి హాలు కిటకిటలాడుతోంది. ఫోటోగ్రఫీ పత్రికలో ‘మీ ఫోటో, నా మాట’ శీర్షికను చివరిదాకా నడిపిన సిరిల్ హెబ్డెన్ పోయి నెల దాటింది. పాఠకులు పంపినవాటిలో నెలకొకటి ఏరి అచ్చువేసి, దాని మంచిచెడ్డలు చెప్పేవాడాయన. మిగతావాటి వెనక పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసి తిప్పి పంపేవాడు. సంస్మరణ సభకు పూలు తేవద్దని, ఆయన చేత మాట పడ్డ ఫోటో ఒకటి తెచ్చి బోర్డుకు పెట్టమని ఆయన కూతురు హెస్టర్ అందరినీ కోరింది.

“నేనీ రోజు పెళ్ళిఫోటోలు తీసి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నానంటే ఆయన చలవే,” అంది మార్జరీ కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “‘మనుషుల్ని నిలబెట్టకమ్మా, నవ్వించు’ అని రాశారు. అంతే, దారి దొరికింది.”

“నీకు దారి దొరికింది, సరే. ఈ విల్ఫ్‌కి ఏం దొరికింది?” డెరెక్ వదల్లేదు. “తిప్పి కొడుతున్నా పంపుతూనే ఉన్నావా? సిగ్గూ శరం లేదటయ్యా నీకు!”

“అవి ఉంటే ఇవాళ ఇక్కడికొచ్చేవాణ్ణా?”

అందరూ నవ్వారు. విల్ఫ్ కూడా నవ్వాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, మాట పడడం అతనికి కొత్త కాదు. బోర్డు మీద అతని ఫోటోలో ఒక గుట్ట, గుట్ట మీద పొడుగ్గా రాతిగోడ, ఆ గోడలో మనిషి దాటేందుకు వదిలిన సందు. అతను పంపిన ఫోటోలన్నీ ఆ సందువే.

“అసలెలా మొదలైందీ పిచ్చి?” అంది మార్జరీ.

“మా ఆగ్నెస్ ఆ సందులో నిలబడి నా బస్సు కోసం చూసేది. బస్సు కింద రోడ్డు మీద కనబడగానే చెయ్యూపేది. తను పోయాక ఖాళీ సందును ఫోటో తీసి, లీడ్స్‌లో ఫోటోల ప్రదర్శన జరిగితే వెళ్ళి హెబ్డెన్ చేతికే ఇచ్చా. ‘మా ఆవిడ పేరు కింద పెట్టి అచ్చువెయ్యండి సార్. కోళ్ళను పక్కింటివాళ్ళకిచ్చేశా. ఇంటి తాళాలు కూడా ఇచ్చెయ్యబోతున్నా. ఇదొక్కటే మిగిలింది. ఇది పత్రికలో చూసుకుంటే నా పని అయిపోయినట్టే’ అన్నా.”

“తాళాలిచ్చేసి ఎక్కడికి పోదామని?”

“ఎక్కడికో ఒకచోటికి.” విల్ఫ్ టీలో మళ్ళీ చక్కెర వేసుకున్నాడు. ఆ రోజుల గురించి అతను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

“ఆయనేమన్నారు?”

“ఫోటోని చాలాసేపు చూశాడు. నన్ను ఇంకా ఎక్కువసేపు చూశాడు. ‘వెలుగు కుదరలేదు. గొర్రెలు ఈనాక, పిల్లలు గెంతుతున్నప్పుడు మళ్ళీ తియ్యండి’ అన్నాడు. అప్పటికింకా అక్టోబరు!”

“అబ్బో!”

“ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తాం, వసంతం దాకా కాచుక్కూచున్నా. తీసి పంపితే ‘బాగుంది గానీ మంచు పడ్డాక ఇంకా బాగుంటుంది’ అని రాశాడు. మంచులో జారిపడుతూ తీశా. ‘సందు బోసిగా ఉంది, ఎవరినైనా నిలబెట్టండి.’ పక్కింటి మొగుడూపెళ్ళాల్ని బతిమాలి నిలబెట్టా. ‘మొహాలు బిగుసుకున్నాయి, ముందు కాస్త స్నేహం చేసుకోండి.’”

“చేసుకున్నావా?”

“ఇప్పుడు ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. నా కోళ్ళు కూడా తిరిగొచ్చాయి.”

ఈసారి డెరెక్ టీ ఒలికేదాకా నవ్వాడు. కెమెరా క్లబ్బులో వాళ్ళిద్దరికీ పరిచయమైంది కూడా ‘వెలుగు సంగతి నలుగురి దగ్గరా నేర్చుకోండి’ అని హెబ్డెన్ రాసిన పుణ్యానే. విల్ఫ్‌కు ఆయనంటే ఎంతో కృతజ్ఞత. అంతమందికి జవాబు చెప్పాల్సిన మనిషి తనలాంటివాణ్ణి విసుక్కోకుండా ఓపిగ్గా తిప్పి పంపాడని ఇవాళ నలుగురి ముందూ చెప్పాలనే వచ్చాడు. కాకపోతే మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఆఖరుగా పంపిన ఫోటోకు జవాబు రాకుండానే ఆయన పోయాడు. తను అసలు ఒక్కటైనా మంచి ఫోటో తీశాడా లేదా? అది తెలుసుకోకుండా ఇల్లు చేరడం అతనికి ఇష్టం లేదు.

హెస్టర్ అందరినీ పలకరిస్తూ బోర్డు దగ్గరకొచ్చి, ఆ రాతిగోడను చూసి ఆగింది.

“విల్ఫ్ ఆస్క్యూ గారు మీరేనా? మా ఇంట్లో మీ పేరు తెలియనివాళ్ళు లేరండీ!”

“తిట్టుకోవడానికా అమ్మా?” అన్నాడు విల్ఫ్. తర్వాత గొంతు తగ్గించాడు. “మొహమాటపడకుండా ఒక్క నిజం చెప్పు తల్లీ. నేను తీసినవాటిలో మీ నాన్నగారికి ఒక్కటైనా నచ్చిందా?”

“మొదటిదే నచ్చింది. లీడ్స్‌లో ఇచ్చారే, అది. నాన్న రాసుకునే బల్లకెదురుగా గోడకి ఇప్పటికీ ఉంది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించి ‘ఫోటో అంటే ఇదీ’ అనేవారు.”

విల్ఫ్ మొహం ఎర్రబడింది.

“వెలుగు కుదరలేదన్నాడే!”

“అలాంటి వెలుగు జన్మలో చూడలేదనేవారు మాతో.”

“మరి అచ్చు వెయ్యడానికేం రోగం?” విల్ఫ్ గొంతు హాలంతా వినబడింది. డెరెక్ అతని భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాడు. “ఆయన సొమ్మేం పోయేది? మా ఆగ్నెస్ పేరు ఒక్కసారి చూసుకునేవాణ్ణిగా!”

హెస్టర్ అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నేనూ నాన్నని అదే అడిగానండీ.”

“ఏమన్నాడు?”

“‘వేస్తే ఆయన బతకడమ్మా’ అన్నారు.”