డైనోసార్ మింగిన మాట

మరునాడు ఆపరేషన్‌లో రాజనర్సయ్య స్వరపేటిక తీసేస్తారు. క్యాన్సర్. అయినా ఆ సాయంత్రం అతను అమీర్‌పేటలోని డబ్బింగ్ స్టూడియోకు వచ్చాడు. ఒక ఇంగ్లీషు డైనోసార్ సినిమా ప్రతి భాగంలోనూ జంతువు నోట్లో పడే మనిషికి తెలుగులో అరుపు అతనిదే.

“ఈసారన్న ఒక్క డైలాగ్ ఇప్పియ్యి భాయ్,” అని అడిగాడు.

“నువ్వు మాట్లాడేదాకా డైనోసార్ ఆగదన్నా,” అన్నాడు రికార్డిస్టు. “ఎట్లన్న అర్వు. గర్జనల కల్సిపోతది.”

రాజనర్సయ్య కళ్లు మూసుకుని అరిచాడు. ఒక్క టేకుతో సరిపోయింది.

సినిమా విడుదలయ్యాక భార్య భూలక్ష్మి అతన్ని పంజాగుట్టలో ఆటకు తీసుకెళ్లింది. అతని మెడకు ఇంకా కట్టు ఉంది. ఆ అరుపు రాగానే హాలంతా నవ్వింది.

భూలక్ష్మి అతని చెయ్యి పట్టుకుంది.

“ఒట్టి అరుపనుకున్నరు,” అంది. “నా పేరని ఎవ్వలకెర్క?”