వెచ్చని మూట

కుండ మూత తీయగానే పెద్దకోడలి గుండె గుభేలుమంది.

అవి ఆ గింజలే. ఊదారంగు చిక్కుడు గింజలు, ఒక్కోదాని మీద తెల్లటి నెలవంక. ఎంత ఉడికినా ఆ నెలవంక చెదరదు. అంగళ్లన్నీ గాలించినా ఆ విత్తనం దొరకదు. అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పోయేముందు ఆవిడ గింజల డబ్బాను పెద్దకోడలి చేతిలో పెట్టి, చిన్నకోడలికీ ఏటా ఒక గుప్పెడు ఇస్తుండమని మాట తీసుకుంది.

పెద్దకోడలు మాట తప్పలేదు. ఎనిమిదేళ్లుగా ఇస్తూనే ఉంది.

చలికాలంలో మొదటి ఆదివారం అందరూ ఆమె ఇంటికే వచ్చేవారు. పొద్దుటి నుంచీ సన్నసెగ మీద గింజలు ఉడికేవి. ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలు, అంతే. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టేది. మరిది రెండోసారి గిన్నె చాచేవాడు. పిల్లలు రొట్టెముక్కలతో కుండ అడుగు ఊడ్చేసేవారు. ఆమె మాత్రం కూర్చోకుండా వడ్డిస్తూ, ఒక్కొక్కరి మెచ్చుకోలూ చెవులారా విని మురిసిపోయేది. ఏడాది మొత్తంలో ఆమెను మెచ్చుకునే పూట అదొక్కటే.

అందరూ వెళ్లేముందు తోడికోడలికి గింజల మూట ఇచ్చేది. మూట కట్టేటప్పుడు వంటింట్లోకి ఎవరినీ రానిచ్చేది కాదు. నలుగురి చేతులూ తగిలితే పురుగు పడుతుందని తలుపు వేసుకునేది. వీధిలో చలికి వణుకుతూ చిన్నకోడలు ఆ మూటను చెంపకు ఆనించుకునేది. "నీ చేతి మూట ఎంత వెచ్చగా ఉంటుందక్కా" అనేది.

అయినా ఒక్క ఏడూ మొలవలేదు. చిన్నకోడలు కుట్టుపని చేస్తుంది. మిషను ముందు నుంచి లేచి పూటకోసారి కుండీల్లోకి తొంగిచూసేది. మట్టి మార్చింది, ఎరువు మార్చింది. ఒక ఏడైతే, అత్తయ్యకు నేనంటే ఇష్టం లేదేమో అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దకోడలే దగ్గర కూర్చుని ఓదార్చింది.

"నీ చెయ్యి గుడ్డకు మంచిది, మట్టికి కాదు. వదిలెయ్. తినాలనిపిస్తే రా, వండిపెట్టడానికి నేను లేనూ?"

అలాంటిది ఈ ఏడు పిలుపు అటు నుంచి వచ్చింది. మొదటి ఆదివారం తమ ఇంట్లోనేనని, తప్పకుండా రావాలని, వచ్చాక ఒక సంగతి చెబుతానని. ఆ సంగతి ఇప్పుడు కుండలో కుతకుతలాడుతోంది.

"మొలిచాయక్కా" అంది చిన్నకోడలు గిన్నెలు నింపుతూ. ముఖం మతాబులా వెలిగిపోతోంది. "ఎనిమిదో ఏటికి కరుణించింది అత్తయ్య. పోయినేడు నీకు మోకాళ్ల నొప్పి అని మూట బావగారు తెచ్చి చేతిలో పెట్టారు చూడు, అవే. ఈసారి మూట చల్లగా ఉందేమిటా అనుకున్నాను కూడా."

పెద్దకోడలు మొగుడి వైపు చూసింది. గడియారాలు బాగుచేసే మనిషి. తలెత్తకుండా, ఒక్కో గింజా చెంచాతో తీసుకుని తింటున్నాడు.

పోయినేడు డబ్బాలో గింజలు తను గుర్తుకోసం గీసుకున్న గీత కంటే ఒక గుప్పెడు కిందకు దిగాయి. తన కొలతే తప్పిందనుకుంది ఆమె. ఇప్పుడు లెక్క సరిపోయింది. బయటివాళ్లయితే తాళం వేసుకునేది. పక్కలో బల్లాన్ని ఎక్కడ దాచుకోను అనుకుంది.

మరిది రెండోసారి గిన్నె చాచాడు, తన పెళ్లాం వైపు. ఇక మీదట ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ అన్నాడు. పిల్లలు సరేనన్నారు. పెద్దకోడలు కూడా నవ్వి సరేనంది. ఆ నవ్వు ముఖం మీద నిలబెట్టడానికి ప్రాణం పోయినంత పనైంది.

తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపు దాకా ఓర్చుకుంది. అక్కడ ఆగిపోయింది.

"నా డబ్బాలో చెయ్యి పెట్టారా?"

ఆయన మఫ్లరు సర్దుకుని, పెట్టానన్నాడు. అబద్ధం చెప్పినా బాగుండేది. ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. ఇరవయ్యేళ్లు ఆయన కోటుకు గుండీలు కుట్టింది, జ్వరాలకు మేలుకుంది. ఆ ఇంట్లో తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ డబ్బా ఒక్కటే. దాన్నీ దొంగచాటుగా తెరిచాడు. తెరిచి, ఏడాది పొడుగునా ఏమీ ఎరగనట్టు ఆమె వడ్డించిందే తిన్నాడు.

"అడిగితే నేను కాదనేదాన్నా? అత్తయ్యకు ఇచ్చిన మాట ఏనాడైనా తప్పానా? నా చేత్తో నేను ఏటా ఇస్తూనే ఉన్నాను కదా. పోయినేడూ కట్టి మీ చేతికే ఇచ్చాను కదా. మళ్లీ నా వెనకాల మీరెందుకు ఇవ్వాల్సి వచ్చింది?"

ఆయన కోటు జేబులోంచి ముడి విప్పని చిన్న గుడ్డమూట తీసి, ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఇది పోయినేడు నువ్వు కట్టిన మూట" అన్నాడు. "ఇవి కూడా పెనం మీద వేయించినవే కదా."