కదలని సైకిలు

"తొక్కు బావా, మోకాళ్ళకి పూచీ నాది!" అన్నాడు సైకిలు షాపు బావమరిది.

పాత సైకిలు వెనక చక్రం నేలకి తగలకుండా ఇనప స్టాండు మీదికెత్తి, తెచ్చి అక్క మంచం పక్కనే పెట్టాడు. పక్షవాతంతో పడుకున్న అక్కకి కాలక్షేపం కూడా అవుతుందని వాడి ఆలోచన.

"గానుగెద్దుకైనా చుట్టూ తిరిగే యోగం ఉందిరా," అని గొణుగుతూ బావ తొక్కసాగాడు. మోకాళ్ళు అరిగాయి, పరుగు మానెయ్యమన్న డాక్టరే, గుండెకి రోజూ పని చెప్పకపోతే అదీ మొరాయిస్తుందన్నాడు.

"నొప్పుందా?" అడిగాడు బావమరిది.

"లేదు."

"మరి ఆ మొహమేంటి, ఆముదం తాగినట్టు?"

మంచం మీంచి అక్క నవ్వింది. "దీన్ని తీసుకుపోరా. మీ బావకి ఈత నేర్పించు. లేకపోతే మంచి సైకిలిచ్చి వీధిలోకి తోలు."

"ఏదైతేనేమే అక్కా, అన్నీ ఒకటేగా!"

"ఒకటి కాదురా. మీ బావ పరిగెత్తింది గుండె కోసం కాదు. పొద్దున్నే ఆ కాసేపైనా నేను కనబడకుండా ఉంటానని. నాకేం కోపం లేదు. కాళ్ళాడితే నేనూ ఈ మంచం దగ్గర్నించి పారిపోయేదాన్నే."

బావమరిది బావ వైపు చూశాడు. కాదందామని బావ నోరు తెరిచాడు. తల హాండిలు మీదికి వంచేశాడు.

దిగిపోదామనుకున్నాడు. దిగితే ఆమె అన్నది నిజమని ఒప్పుకున్నట్టే. అందుకని ఆమె మొహం వైపు చూడకుండా, ఇంకా గట్టిగా తొక్కాడు.