పొద్దెక్కింది లేవే

బరాత్ మంచి ఊపు మీద ఉండగా ఒక ముసలామె వచ్చి స్పీకర్ వైరు పీకింది.

ఎగురుతున్న వాళ్లంతా ఆగిపోయారు. పెళ్లికొడుకు కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

బడంగ్‌పేట్‌లో, రెండు వేల పదకొండు ఎండాకాలంలో జరిగింది ఇది.

డీజే శివ బండి మీద నుంచి దూకాడు.

"ఏందవ్వా, పిచ్చి లేసిందా?"

"గీ పాట యాడిది?"

"నేనే చేసిన. పాత క్యాసెట్ల నుంచి గొంతు కోసి దరువు కలిపిన."

"క్యాసెట్ యాడిది?"

"మా బాపు పెట్టెల దొరికింది. బాపు పేరు శంషాబాద్ సోమయ్య. సచ్చిపోయి రెండేండ్లయింది. ఇగ వైరిడువు."

ఆమె శివ మొహం కాసేపు చూసింది. వైరు వదిలేసింది.

పాట మళ్లీ మొదలైంది. 'పొద్దెక్కింది లేవే బిడ్డా' అనే ఒక్క ముక్క, తిప్పి తిప్పి, మూడింతల వేగంతో. ఆ ఏడు శంషాబాద్ చుట్టుపక్కల అది లేకుండా ఏ బరాతూ కదల్లేదు. నెత్తి మీద విమానం పోయినా వినబడేది కాదు.

మూడో రోజు ఆమె బస్సెక్కి శంషాబాద్‌లో శివ దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. శివ స్నేహితుడు మల్లేశ్వర్ అక్కడే కూర్చుని ఫోన్లో పాటలు ఎక్కించుకుంటున్నాడు.

"అది పెండ్లిల పెట్టేది కాదు బిడ్డా," అంది.

"మరేంది?"

"ఏడ్పు. సచ్చిన బిడ్డ ముంగట కూసోని ఒక తల్లి ఏడ్చింది."

పీనుగ ముందు ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారని శివకు తెలుసు. కానీ క్యాసెట్ మొత్తం వినే ఓపిక అతనికి లేకపోయింది. నచ్చిన ముక్క దొరకగానే టేపు ఆపేశాడు.

మల్లేశ్వర్ నవ్వాడు. "ఏడ్పయితే జనం గట్ల ఎగురుతరా అవ్వా?"

"వాళ్లకు తెల్వది. నువ్వు ఆపు కొడుకా."

"నేనాపితే ఆగుతదా? ఇరవై ఊర్ల ఫోన్లల్ల ఉంది," అన్నాడు శివ.

"వాళ్లు ఎగిరితే ఎగరనీ. నువ్వొక్కనివి ఆపు."

"ఎందుకు? గొంతు నీదా? మెమరీ కార్డు మీద నీ పేరు రాయమంటవా?"

"వద్దు."

ఆమె గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

"మీ అమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉంది. ఇల్లు పక్క గల్లీలనే. పో, ఆమెకు చెప్పుకో."

"వద్దు బిడ్డా," అని ఆమె బస్టాండు దారి పట్టింది.

తర్వాతి వారం బడంగ్‌పేట్‌లోనే ఇంకో బరాత్. ఒక రేకుల ఇంటి గడపలో ఆమె కనబడింది. శివ కావాలనే బండి అక్కడ ఆపించాడు. అదే ముక్క పావుగంట వేశాడు.

ఆమె చేతులు జోడించింది.

"అవ్వా, ఒక స్టెప్పెయ్యి," అని ఎవడో అన్నాడు.

అందరూ నవ్వారు. శివ కూడా నవ్వాడు. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

నాలుగు రోజులకు పొద్దున్నే శివ తల్లి రేణుకమ్మకు ఫోన్ వచ్చింది.

"బడంగ్‌పేట్ పోవాలె, బండి తియ్యి," అంది. "చంద్రమ్మ పోయింది."

"చంద్రమ్మ ఎవరు?"

రేణుకమ్మ అప్పటికే చెప్పులేసుకుని వాకిట్లోకి నడిచింది.

అదే రేకుల ఇల్లు. వాకిట్లో అదే ముసలామె, నుదుట పసుపు, కళ్లు మూసుకుని. శివ వాకిలి బయటే నిలబడిపోయాడు.

పాడె కట్టడం అయింది. ఆ వాడలో పెద్దమనిషి రాజయ్య నిప్పుకుండ తెచ్చి శివ ముందు పట్టాడు.

"పట్టు బిడ్డా. నువ్వు తప్ప ఎవరున్నరు?"

"నేనెందుకు? ఈమె నాకేమైతది?"

రాజయ్య రేణుకమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు తీసి మొహం తుడుచుకుంది.

"మీ బాపు పెట్టెల ఉన్న క్యాసెట్ల గొంతు ఈమెదే. అప్పుడు మీ బాపు దుబాయిల ఉండె. ఆఖరిచూపుకు రాలేకపోయిండు. అందుకని ఈమె ఏడ్పు టేపుల పట్టి పంపిండ్రు."

"ఎవరి మీద ఏడ్చింది?"

"నిన్ను కన్నదాని మీద కొడుకా," అంది రేణుకమ్మ, "తర్వాత నేనొచ్చిన, నీకు అమ్మ ఒక్కతే ఉండాలని ఈ అమ్మమ్మ మన గడప తొక్కుడు బంద్ చేసింది."