తాడు తాత

పందెం మొదలుపెట్టే గేటు లేవడానికి నిమిషం ముందు ముసలాయన వచ్చి ఎస్కిల్ కుడిచెయ్యి పట్టుకున్నాడు.

మణికట్టుకు కట్టిన సన్నటి తాడును ఒకసారి లాగి చూశాడు.

ఎస్కిల్ చెయ్యి విదిలించుకున్నాడు. “వదులు తాతా. చెయ్యి నాది, ప్రాణం నాది.”

“నీ ప్రాణం గురించి కాదు బాబూ,” అని ముసలాయన పక్కనున్న రైడర్ దగ్గరికి వెళ్ళాడు.

స్పీడ్‌వే అనే ఈ మట్టి పందెంలో మోటారుసైకిలుకు బ్రేకులుండవు. మనిషి పడిపోతే మణికట్టు తాడు బండి నుంచి ఊడి ఇంజన్ ఆగిపోతుంది. దాన్ని ఆపేది ఆ తాడొక్కటే.

క్లబ్బులో అందరూ ఆయన్ని ‘తాడు తాత’ అనేవారు. అసలు పేరు ఎస్కిల్ ఎప్పుడూ అడగలేదు. మలుపుల్లో చెదిరిన మట్టిని పారతో సర్దేవాడు. జీతం లేదు. ప్రతి పందెం ముందూ నలుగురు రైడర్ల తాళ్ళూ లాగి చూసేవాడు.

ఎస్కిల్‌కు అది చిరాకు. ఇరవై ఏళ్ళుగా పందేలాడుతున్న మనిషి. ఇంగ్లండులో ఆరు సీజన్లు, పోలండులో తొమ్మిది. భుజం ఎముక మూడుసార్లు విరిగింది. ఎన్ని గెలిచినా సొంత ఊరి క్లబ్బుకు మాత్రం లీగ్ బంగారం తెచ్చిపెట్టలేకపోయాడు. ఇదే చివరి సీజన్ అని అందరికీ చెప్పేశాడు.

లీగ్ ఫైనల్ ముందు మేనేజరుతో తెగేసి అన్నాడు. “ఆ ముసలాయన గేటు దగ్గరుంటే నేను బండెక్కను. ధ్యాసంతా చెదిరిపోతోంది.”

మేనేజరు వెళ్ళి చెప్పాడు. ముసలాయన పార గోడకు ఆనించి, కంచె అవతల జనంలో నిలబడ్డాడు.

ఫైనల్ రోజు, ఆదివారం మధ్యాహ్నం ఐదు వేలమంది వచ్చారు. పన్నెండు పందేలయ్యేసరికి స్కోరు నువ్వా నేనా అన్నట్టుంది. పదమూడో పందెం మొదలవబోతుండగా ఎస్కిల్ బండి మొరాయించింది. ఉరుకులు పరుగులతో రెండో బండి తెచ్చుకుని గీత దగ్గర ఆగాడు.

కంచె దూకి ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. తాడు తాత.

ఎస్కిల్ చేతి కింద తాడు వేలాడుతోంది. కట్టుకోవడమే మరిచిపోయాడు.

ముసలాయన వంగి ముడి వేయసాగాడు.

ఎస్కిల్‌కు ఒళ్ళు మండింది. “నువ్వెప్పుడైనా బండెక్కి చచ్చావా తాతా? పిరికివాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని గ్యాలరీలో కూర్చోవాలి.”

కంచె పక్కనున్న జనం ఘొల్లున నవ్వారు.

ముసలాయన తలెత్తలేదు. ముడి బిగించి, ఒకసారి లాగి చూసి, నిలబడ్డాడు. క్లబ్బు మనుషులిద్దరు వచ్చి ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు.

మూడో చుట్టులో ముందు వెళ్తున్న అవతలి జట్టు రైడర్ యానిక్ జారి పడ్డాడు. తప్పించబోయి ఎస్కిల్ కూడా పడ్డాడు. అతని ఖాళీ బండి తిన్నగా యానిక్ మీదికి దూసుకుపోయింది.

అంతలో తాడు ఊడింది. ఇంజన్ నోరు మూసుకుంది. బండి మట్టిలో ఈడ్చుకుంటూ వెళ్ళి యానిక్ మెడకు జానెడు దూరంలో ఆగింది.

యానిక్ లేచి దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. “నీ బండికి నీకంటే దయ ఎక్కువరా.”

రెండు పాయింట్ల తేడాతో ఎస్కిల్ జట్టే గెలిచింది. మెడలో పతకం వేస్తుంటే కంచె అవతల ముసలాయన కనిపించాడు. ఎస్కిల్ వెళ్దామనుకున్నాడు. ఫొటోలవాళ్ళు అడ్డమొచ్చారు. సరే, రేపు కలుద్దాంలే అనుకున్నాడు.

ఆ రేపు రెండు నెలలైంది.

ఈలోగా ఎస్కిల్ అన్న మాట ఊరంతా పాకింది. “పిరికివాళ్ళు గ్యాలరీలో... భలే అన్నావయ్యా,” అంటూ రొట్టెల షాపులో, సన్మాన విందుల్లో అతనికే మళ్ళీ చెప్పి నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. నవ్విన ప్రతిసారీ జానెడు దూరంలో యానిక్ మెడ కళ్ళముందు కదిలేది.

నవంబరులో క్లబ్బుకు వెళ్ళి మేనేజరును అడిగాడు. “తాడు తాత ఇల్లెక్కడ?”

మేనేజరు చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు. “ఆయన పేరు థోర్వల్. పోయి తొమ్మిది రోజులైంది. గుండెనొప్పి. నీకెవరూ చెప్పలేదా?”

ఎస్కిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “వాళ్ళవాళ్ళు ఎవరైనా...”

“ఎవరూ లేరు. ఆగ్నెటే అని ఒకావిడ దగ్గరుండి అన్నీ జరిపించింది. ఆవిడ దగ్గరికి వెళ్ళు.”

చర్చి వెనక వీధిలో ఎర్ర ఇటుకల ఇల్లు. డెబ్బై ఏళ్ళ ఆగ్నెటే తలుపు తీసింది. కూర్చోబెట్టి కాఫీ పోసింది, కేకు కోసి పెట్టింది.

ఎస్కిల్ కప్పు ముట్టుకోలేదు. ఏదీ దాచకుండా చెప్పాడు. మేనేజరుతో చెప్పి గేటు దగ్గర్నుంచి పంపించేయడం, ఆ మాట, ఆ నవ్వులు, రేపు రేపు అంటూ రాకపోవడం.

“పిరికివాడన్నానండీ. అందరిముందూ అన్నాను.”

“ఆ మాట ఆయనకు కొత్తేం కాదు నాయనా,” అంది ఆగ్నెటే. “రోజూ తనను తాను అనుకునేదే.”

“ఆయన మీకేమవుతారు?”

“ఏమవుతాడో నాకూ తెలీదు. నలభై నాలుగేళ్ళు ఈ ఇంటి గడ్డి కోశాడు, కట్టెలు కొట్టి పెట్టాడు. లోపలికి రమ్మంటే మాత్రం గుమ్మం దాటేవాడు కాదు. మొదటి ఏడాదే క్షమించానని చెప్పాను. వింటేనా.”

“మీరు క్షమించడమేమిటి?”

ఆగ్నెటే చల్లారిన అతని కాఫీని పక్కకు జరిపి, వేరే కప్పులో వేడిగా పోసింది.

“ఆయనా నీలాగే రైడరే నాయనా. ఒకరోజు తొందరలో తాడు కట్టుకోకుండా బయల్దేరి మలుపులో పడ్డాడు, ఆగని ఆ బండి కింద నలిగి చనిపోయింది నా భర్త.”