నాలుగు రేకుల కొండపువ్వు

"ఇది కొండపువ్వు కాదండీ," అన్నారు మద్రాసు నుంచి వచ్చిన అమ్మిరాజు గారు.

దొరల బంగళాలో పెరుగు పోసి అప్పుడే గుమ్మమెక్కిన రామతులసికి అరికాలి మంట నెత్తికెక్కింది. కుండ దబ్బున అరుగు మీద దించింది.

ఆమె మొగుడు బుల్లియ్య రాజమహేంద్రవరంలో ఒక దొరకు మొక్కల బొమ్మలు గీసిపెడతాడు. కాలవగట్ల మీద పూసే నీరులవంగాన్ని గీస్తూ గీస్తూ ఆయనకో పిచ్చి పట్టుకుంది. నాలుగే రేకులు, పువ్వు కింద కాడలా సాగిన కాయ. ఈ వంశానిది బురదలో ఒకటుంటే కొండల్లోనూ ఒకటి ఉండి తీరాలట! ఏటా వానలు తగ్గుముఖం పట్టగానే పాపికొండల కేసి పడవెక్కేవాడు. ఏటా ఉత్త చేతులతో, ఒళ్లంతా మన్యం జ్వరంతో దిగేవాడు. నిరుడైతే మనుషులు మోసుకొచ్చారు. ఇంకోసారి ఆ జ్వరం తగిలితే మనిషి దక్కడని వైద్యుడు చెప్పేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఈ ఏడు మాత్రం పువ్వు దొరికింది. కొండ మొదట్లోనే, పడవ దిగి అందరూ దణ్ణం పెట్టుకునే అమ్మవారి రాయి పక్కన. జ్వరం తగలకముందే నవ్వుకుంటూ ఇల్లు చేరాడు.

"ఎండాకాలంలో నువ్వెళ్లి మొక్కుకొచ్చావు చూడు, ఆ తల్లే ఇచ్చిందే," అని పెళ్లానికి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

మొక్కల సంగతి తెలిసిన అమ్మిరాజు గారు అవునంటే ఆ వెతుకులాట అంతటితో సరి. ఆయనేమో కాదంటున్నారు.

"నాలుగు రేకులే, కాయా కిందే ఉంది. వంశం అదే, ఒప్పుకుంటాను," అన్నారాయన ఎండిన పువ్వును వెలుతురుకు పట్టి. "కానీ ఇది దొరలు తోటల్లో పెంచే సీమరకం లాగుందండి."

బుల్లియ్య మొహం పాలిపోయింది. లేచి, దూలానికి వేలాడుతున్న సంచి అందుకున్నాడు.

"అయితే అసలుది ఇంకా పైన ఉంటుందండి. రేపే బయల్దేరతాను."

"కూర్చోండి!" అని అరిచింది రామతులసి. తర్వాత అతిథి మీద పడింది.

"ఏంటండీ బాబూ, మీరెప్పుడైనా ఆ కొండెక్కారా?"

"లేదమ్మా."

"మరి కుర్చీలో కూర్చుని తోటపువ్వని ఎలా అంటారండీ? ఆ ముళ్లలో, ఆ పులుల మధ్యకి పోయి తోట వేసే పిచ్చిది ఎవతండీ? చెప్పండి! ఈయన మళ్లీ కొండెక్కి శవమై దిగితే ఆ పాపం మీదే!"

అమ్మిరాజు గారు ఆమెను చూశారు. సంచి పట్టుకు నిలబడ్డ ఆ ఎముకల గూడునూ చూశారు.

"పొరపడ్డానమ్మా," అన్నారు చివరికి. "కొండపువ్వే. అలాగే చెబుతాను అందరికీ."

బుల్లియ్య సంచిని మళ్లీ దూలానికి తగిలించాడు.

రామతులసి కోపం మాత్రం చల్లారలేదు. మద్రాసు చదువులను తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. బంగళా దొరసాని తోటలో కోసుకొచ్చి, ఎండాకాలంలో అమ్మవారి రాయి చుట్టూ చల్లాక మిగిలిన గుప్పెడు విత్తనాలను కొంగుముడి విప్పి పొయ్యిలో పోసింది.